రాముడి దీవా, కృష్ణుడి దీవా?

దేశంలో ఏళ్ల తరబడి తేలని వివాదాలు రెండున్నాయి. ఒకటి నదీజలాలు. రెండోది, అండమాన్ వెళ్లే తెలుగు కుటుంబం హావ్‌లాక్ దీవిలో దిగాలా, నీల్ దీవిలో దిగాలా అన్నది. మొదటిదానికి ట్రిబ్యునల్ అయినా ఉంది. రెండోది ఇప్పటికీ వాట్సాప్ గ్రూపులో, గుడ్ మార్నింగ్ పూల బొమ్మల మధ్య నలుగుతోంది. ఎవరో ఒకరు పూనుకోక తప్పదు.

ముందు రికార్డులు సరిచూసుకుందాం. 2018 డిసెంబరులో హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది. 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయ పురం అయింది. టికెట్ మీద కొత్త పేర్లు కనిపిస్తే "మనల్ని వేరే దీవికి ఎక్కిస్తున్నాడు" అని కౌంటర్ దగ్గర ఆందోళనకు దిగనక్కర్లేదు. అసలు చూడాల్సింది ఊళ్ల పేర్లు. ఈ రెండు దీవుల్లోనూ ఎక్కువమంది దేశ విభజన తరవాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలవాళ్లే. హావ్‌లాక్‌లో ఊళ్లు గోవింద్‌నగర్, శ్యామ్‌నగర్, కృష్ణానగర్, రాధానగర్. నీల్‌లో రామ్‌నగర్, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. అంటే ఒకటి భాగవతం, రెండోది రామాయణం. శత్రుఘ్నుడికి బీచ్ దక్కలేదు. ఆయనకు ఎక్కడా ఏదీ దక్కదు, అది వేరే వ్యాసం.

పేర్లకు తగ్గట్టే నడుస్తున్నాయి రెండు దీవులూ. కృష్ణుడి దీవిలో సందడి: స్కూబా దుకాణాలు, అద్దె స్కూటర్లు, రకరకాల రిసార్టులు, 2011 జనాభా లెక్కల్లో ఆరు వేల పైచిలుకు జనం. రాముడి దీవిలో అందులో సగం జనం, కూరగాయల తోటలు, అరటి, కొబ్బరి, ఈ చివరి నుంచి ఆ చివరికి సైకిల్ మీద పోయి మధ్యాహ్నం భోజనానికి వచ్చేంత నేల. అంతే. ఇదే గొడవకు మూలం. నీల్ పేరు ఎత్తగానే ప్రతి గ్రూపులోనూ నడిచే సంభాషణ ఒకటే.

"బావా, నీల్‌లో ఏముంది?"

"ఏమీ లేదురా. అందుకే బాగుంటుందట."

"ఏమీ లేనిదానికి ఫ్లైటెందుకు బావా? మా ఊళ్లోనూ ఏమీ లేదుగా."

వాదన గట్టిదే. దీనికి బావ దగ్గర జవాబు ఉండదు. అప్పుడు ప్యాకేజీవాడు రంగంలోకి దిగి రాజీ కుదురుస్తాడు: హావ్‌లాక్‌లో రెండు రాత్రులు, నీల్‌లో ఒక రాత్రి. ఇద్దరూ సంతోషిస్తారు. తెలుగు జాతి దెబ్బతింటున్నది సరిగ్గా ఈ ఒక్క రాత్రి దగ్గరే.

ఆ రాత్రికి అయ్యే ఖర్చు గంటల్లో చూడండి. హావ్‌లాక్‌లో పొద్దున ఎనిమిదికి గది ఖాళీ చేయాలి. జెట్టీకి గంట ముందు చేరాలి, అందరి ఆధార్ కార్డులూ చేతిలో ఉండాలి, అవి ఎప్పుడూ అడుగు పెట్టెలోనే ఉంటాయి. ఫెర్రీలో సుమారు గంట. నీల్‌లో దిగేసరికి పదకొండు దాటుతుంది, గది మధ్యాహ్నం దాకా ఇవ్వరు. భోంచేసి బయటపడేసరికి రెండున్నర. ఐదింటికి సూర్యుడు వెళ్లిపోతాడు. ఆ రెండున్నర గంటల్లో భరత్‌పూర్, సహజ వంతెన (రాతి తోరణం), లక్ష్మణ్‌పూర్ మూడూ "కవర్" చేయాలి. మర్నాడు తెల్లవారుజామున సీతాపూర్‌లో సూర్యోదయం కూడా కవర్ చేసి, టిఫిను సగంలో వదిలేసి మళ్లీ జెట్టీకి. అలా నీల్ చూసొచ్చినవాళ్లు తిరిగొచ్చాక చెప్పే మాట ఒకటుంటుంది: "నీల్ వేస్ట్, అక్కడేం లేదు." అక్కడ ఏమీ లేకపోవడాన్ని అనుభవించడానికి కనీసం రెండు పగళ్లు ఖాళీగా ఉండాలన్న సంగతి ప్యాకేజీలో రాయరు.

విశ్రాంతి అంటే మనవాళ్లకు పాయింట్లు. ఊరి నుంచి వచ్చినవాణ్ణి "బాగా పడుకున్నావా?" అని అడగం, "ఎన్ని పాయింట్లు కవర్ చేశారు?" అని అడుగుతాం. కాబట్టి పాయింట్ల గురించే మాట్లాడదాం. వాటిని నడిపేది డ్రైవరు కాదు, చంద్రుడు.

మనింట్లో గోడకు క్యాలెండర్ ఉంటుంది. ప్రయాణానికి ముందు అందులో వర్జ్యం చూస్తారు, రాహుకాలం చూస్తారు, దుర్ముహూర్తం చూసి క్యాబ్‌ను పావుగంట వీధి చివర నిలబెడతారు. అదే గడిలో తిథి కూడా రాసి ఉంటుంది. దాన్ని చూడరు. అండమాన్‌లో పనికొచ్చేది అదొక్కటే. సముద్రం రోజుకు రెండుసార్లు పోటు మీదుంటుంది, అంటే నీళ్లు పైకొస్తాయి; రెండుసార్లు పాటు, అంటే వెనక్కి తగ్గుతాయి. పోటుకీ పాటుకీ మధ్య దాదాపు ఆరుంబావు గంటలు. ఇవాళ పదింటికి పోటైతే రేపు పదకొండుకు పది నిమిషాల ముందు. అమావాస్య, పౌర్ణమి, వాటి తరవాతి ఒకటి రెండు రోజుల్లో నీటి మట్టంలో తేడా రెండు మీటర్ల దాకా ఉంటుంది. అష్టమి, దాని తరవాతి ఒకటి రెండు రోజుల్లో అందులో సగం కూడా ఉండదు. పెద్దలు అష్టమి నాడు ప్రయాణం వద్దంటారు గానీ, తూర్పు తీరంలో గది తీసుకున్నవాడికి అష్టమి అంత మంచి రోజు లేదు.

ఎందుకంటే హావ్‌లాక్‌లో రిసార్టులు ఎక్కువగా ఉన్నది మూడో నంబరు, ఐదో నంబరు బీచ్‌ల మీద, అంటే గోవింద్‌నగర్, విజయ్‌నగర్ వైపు. అది తూర్పు ఒడ్డు. అక్కడ ఇసుక కాస్త దాటగానే పగడపు రాతి పలక ఉంటుంది, చాలా దూరం దాదాపు చదునుగా సాగుతుంది. చదునైన చోట నీళ్లు ఒక మీటరు దిగితే ఒడ్డు వంద మీటర్లు పైనే వెనక్కి పోతుంది. పొద్దున నీలంగా మెరిసిన సముద్రం స్థానంలో సాయంత్రానికి నాచు పట్టిన రాళ్లు, పక్కకు ఒరిగిన పడవలు, పీతలు మిగులుతాయి. 'సీ వ్యూ' గదికి అదనంగా కట్టిన పెద్దమనిషి రిసెప్షన్‌కి ఫోన్ చేసి "సముద్రం మళ్లీ ఎప్పుడొస్తుందండీ?" అని అడుగుతాడు. అది అర్థంలేని ప్రశ్నేం కాదు. రిసెప్షన్ దగ్గర దానికి నిమిషాలతో సహా జవాబు ఉంటుంది, గది బుక్ చేసేటప్పుడే అడిగుంటే బాగుండేది.

దీనికి విరుగుడు రాధానగర్. పడమటి ఒడ్డు, ఏడో నంబరు. అక్కడ రాయి కాదు, ఇసుక. పోటైనా పాటైనా దిగొచ్చు. 2004లో టైమ్ పత్రిక ఆసియాలో మేటి బీచ్ అని మెచ్చుకున్నది దీన్నే. జెట్టీ నుంచి పది పన్నెండు కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు ఆటోలు బోలెడు కనిపిస్తాయి, సూర్యాస్తమయం అయ్యాక అదే ఆటోల కోసం మూడొందల మంది ఎదురుచూస్తారు. తెచ్చినవాణ్ణే ఉండమని మాట్లాడుకోండి. ఇంకో మాట: అక్కడ మొసళ్ల గురించి బోర్డులు ఉంటాయి. వాటి పక్కన సెల్ఫీ దిగడం మన హక్కే, చదవడం కూడా మన హక్కే. వాగులు సముద్రంలో కలిసే చోట్లకి, పక్కనున్న కోవ్‌ (చిన్న అఖాతం)లోకి దిగకండి. లైఫ్‌గార్డు ఈల వేసేది ప్రోత్సహించడానికి కాదు.

నీల్‌లో చంద్రుడి లెక్క ఇంకా కఠినం. లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌లో ఉన్న సహజ వంతెన దగ్గరికి పాటులోనే నడవగలం. పోటులో ఆ రాళ్ల దారి నీళ్లలో ఉంటుంది. భరత్‌పూర్‌లో ఈత, అడుగున అద్దమున్న పడవ పోటులో బాగుంటాయి, పాటులో మోకాలి లోతు నీళ్లలో పగడాల మీద తడబడాలి. రెండూ ఒకే పూట కావాలంటే చంద్రుడితో మాట్లాడుకోవాలి. అందుకే ప్యాకేజీవాడి రెండున్నర గంటల్లో ఏదో ఒకటి తప్పకుండా పోతుంది, రెండూ పోయే రోజులు కూడా ఉన్నాయి. వంతెన దారిలో హవాయి చెప్పులు పనికిరావు, మడమ పట్టీ ఉన్న శాండల్ కావాలి. భరత్‌పూర్ కదా అని పాదుకలు ఎవరికీ అప్పజెప్పకండి: పగడం కోసిన గాయంలో సన్న ముక్కలు ఉండిపోయి చీము పడుతుంది. వెంటనే మంచినీళ్లతో, సబ్బుతో రుద్ది కడగాలి, పసుపు సంగతి తరవాత.

ఇక సూర్యుడు. అండమాన్ దేశానికి బాగా తూర్పున ఉంది, గడియారం మాత్రం మనదే. డిసెంబరులో ఐదున్నరకు తెల్లారి సాయంత్రం ఐదింటికి పొద్దుగుంకుతుంది. సెలవుల్లో పదింటికి లేచి, పన్నెండింటికి టిఫిను చేసి, "సాయంత్రం చల్లబడ్డాక బీచ్‌కి వెళ్దాం" అనుకునే మన ఆరోగ్యకరమైన సంప్రదాయం అక్కడ చెల్లదు. చల్లబడేసరికి చీకటి. ఆ చీకటికి ముందు ఇసుక ఈగలు బయల్దేరతాయి. కుట్టినప్పుడు తెలియదు, మర్నాడు మోకాళ్ల కింద ఎర్రగా లేచి వారం దురద పెడతాయి. కొబ్బరినూనె దండిగా పట్టిస్తే చాలావరకు అదే కాపాడుతుంది, గోకితే పుండు పడుతుంది. తడి ఇసుక మీద తుండు పరుచుకోవడం కన్నా కుర్చీ మీద కూర్చోవడం మేలు. జాతర నాడు తలంటుకున్నట్టు నూనె కారుతూ కూర్చున్న కుటుంబం ఫొటోల్లో అంత అందంగా రాదు, అది నిజం.

కాలం విషయంలో మన నిష్ఠ అపూర్వం. ఏటా మే మూడో వారంలో టీవీల్లో కింద ఒక వార్త పరిగెడుతుంది: అండమాన్‌ను తాకిన నైరుతి రుతుపవనాలు. అది చూసి ఆంధ్రా, తెలంగాణ మొత్తం ఊపిరి పీల్చుకుంటుంది. ఆ సోఫాలోనే కూర్చున్న మనిషి చేతిలో అదే వారానికి పోర్ట్ బ్లెయిర్ టికెట్లు ఉంటాయి. పిల్లల సెలవులు, ఎండలు, అందుకని బుక్ చేశాడు. కేరళకు వాన రావడానికి పది రోజుల ముందే వాన ఉన్న చోటుకి డబ్బిచ్చి వెళ్తున్నాడు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నెమ్మది, నీళ్ల అడుగు కూడా కనిపిస్తుంది. మే చివర్లో అలలు లేస్తే ఫెర్రీలు రద్దవుతాయి. అప్పుడు ఆఖరి రాత్రి నీల్‌లో పెట్టుకున్నవాడి విమానం వాడు లేకుండానే హైదరాబాద్ వస్తుంది. ఏ కాలమైనా సరే, తిరుగు విమానానికి ముందు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండాలి. అక్కడ బాధేం లేదు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తరాల కిందట వెళ్లిన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, బజారులో బేరం తెలుగులోనే తెగుతుంది. దీవుల్లో మాత్రం చేపల పులుసులో ఆవనూనె వాసన వస్తుంది. భరించలేనివాళ్లు ఆవకాయ పట్టుకెళ్లండి. సీసా మూత కింద పాలిథీన్ కాగితం పెట్టి బిగించి, రెండు కవర్లలో చుట్టి, చెక్-ఇన్ పెట్టెలో పెట్టాలి. చేతి సంచీలో పెడితే సెక్యూరిటీ దగ్గర ఆగిపోతుంది.

ఫెర్రీ ప్రయాణం కూడా ఒక పాయింటే, చాలామంది దాన్ని కళ్లు మూసుకుని కవర్ చేస్తారు. ప్రైవేటువి పోర్ట్ బ్లెయిర్ నుంచి హావ్‌లాక్‌కు గంటన్నరలో చేరుస్తాయి, ఏసీ, మూసిన కిటికీలు. ప్రభుత్వ నౌక రెండు గంటల పైనే, కానీ చవక, పైకెళ్లి గాలి పీల్చుకోవచ్చు. కడుపులో తిప్పేవాళ్లు కింది అంతస్తులో మధ్యకో వెనక్కో కూర్చోవాలి. ముక్కు వైపు ఊపు ఎక్కువ, ముందు సీటు గౌరవం అనుకునేవాళ్లకు అక్కడే మర్యాద జరుగుతుంది. అవోమిన్ మాత్ర ఎక్కడానికి గంట ముందు వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక వేస్తే మాత్ర కూడా బయటికే. పొద్దున పూరీ కూర వద్దు, రెండిడ్లీలు చాలు.

కాబట్టి తీర్పు. స్కూబా చేయాలన్నా, అలల్లో ఆడే పిల్లలున్నా, సాయంత్రం నలుగురు మనుషులు కనిపించకపోతే దిగులు పడే మామగారు వెంట ఉన్నా, హావ్‌లాక్‌లో మూడు రాత్రులు ఉండి నీల్ ఊసెత్తకండి. ఏమీ చేయకుండా ఉండగలిగే శక్తి ఇంట్లో అందరికీ ఉందని రుజువైతే నీల్‌లో మూడు రాత్రులు ఉండి హావ్‌లాక్‌ను వదిలేయండి. అద్దె సైకిళ్లకు బ్రేకులు చూసి తీసుకోండి. రెండూ కావాలంటే రామాయణానికి రెండు రాత్రులు తగ్గకూడదు.

సెలవు చీటీ రాసేటప్పుడు ఒక జాగ్రత్త. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన ఇంటర్నెట్ కేబుల్ 2020లో హావ్‌లాక్ దాకా వచ్చింది, ఆ కేబుల్ చేరిన దీవుల జాబితాలో నీల్ లేదు. "అక్కడ నెట్ ఉండదు సార్" అని చెప్పదలచుకున్నవాళ్లు మేనేజరుకు ఏ దీవి పేరు చెబుతున్నారో చూసుకుని చెప్పండి.