ముందు మగాడికి టెస్ట్ చేయించండి, తర్వాత ఐవీఎఫ్ సంగతి

పిల్లల్ని ఎక్కువమందిని కనండని 2024 నుంచి మన సీఎం చంద్రబాబు చెప్తానే ఉన్నారు, ఇద్దరికంటే ఎక్కువమంది ఉంటే లోకల్ ఎలక్షన్లలో నిలబడకూడదనే రూలు కూడా అదే ఏడాది ఎత్తేశారు, బాగానే ఉంది. మరి ఒక్కరు పుడితే చాలు దేవుడా అని తిరిగేవాళ్ళ సంగతేంది? నా మటుకు నాకు వీళ్ళకి కావాల్సింది ఇంకో ఐవీఎఫ్ (అండాన్నీ వీర్యకణాన్నీ ల్యాబులో కలిపి గర్భంలో పెట్టడం) సెంటర్ కాదు. నెల్లూరు పొగతోటలో ఎటు చూసినా ఆసుపత్రి బోర్డులే, అక్కడ కుదరకపోతే మద్రాసు రైలు ఉండనే ఉంది, ఒంగోలు వాళ్ళయితే గుంటూరో విజయవాడో పోతారు. లేనిదల్లా తక్కువ ఖర్చులో మొగుడూ పెళ్ళాం ఇద్దర్నీ కలిపి చూసే చోటు.

డాక్టర్ల లెక్క ప్రకారం ఏ జాగ్రత్తలూ వాడకుండా ఏడాది గడిచినా కడుపు రాకపోతే ఇద్దరికీ టెస్టులు చెయ్యాలి, ఆమెకి 35 దాటితే ఆర్నెల్లే ఆగాలి. మన దగ్గర ఏమవుతుందంటే, పెళ్ళైన మూడో నెల నుంచే 'ఏమ్మా, ఏమన్నా విశేషమా' అని మొదలు, ఏడాది తిరిగేసరికి అమ్మాయిని అమ్మో అత్తో ఆసుపత్రికి తీసుకుపోతారు, థైరాయిడ్ అంటారు, పీసీఓడీ (అండాశయాల్లో నీటిబుడగల సమస్య) అంటారు, అండం ఎదుగుతుందో లేదో చూడ్డానికి నెలనెలా ఫాలిక్యులర్ స్కాన్లు, గర్భాశయం ట్యూబులు మూసుకుపోయినాయేమో అని హెచ్‌ఎస్‌జీ అనే ఎక్స్‌రే, అది నొప్పి కూడా, ఇవన్నీ అయినాక ఎవరో ఒక డాక్టరమ్మ గట్టిగా అడిగితే అప్పుడు అబ్బాయి గుర్తొస్తాడు. వాడేమో 'నాకేంది, నేను బాగానే ఉన్నా' అంటాడు. పిల్లల్లేని జంటల్లో దగ్గర దగ్గర సగం మందిలో సమస్య మగవాడి వైపు కూడా ఉంటుంది, అది తేల్చే వీర్యం టెస్టుకి కొన్ని వందలు ఖర్చు, సూది కూడా ఉండదు.

మన జిల్లాల్లో ఈ మాట ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. వృషణాలు ఒంటి వేడి కంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటేనే వీర్యకణాలు సరిగ్గా తయారవుతాయి. పొగాకు కాల్చి ఆరబెట్టే బ్యారన్ కాడ రాత్రీపగలూ మంట చూసుకునేవాళ్ళు, చీమకుర్తి క్వారీల్లో ఎండకి మాడేవాళ్ళు, గంటలకి గంటలు లారీ సీట్లో కూర్చునే డ్రైవర్లు, వీళ్ళని డాక్టరు ముందు అడగాల్సింది పని గురించే, దాంతోపాటు సిగరెట్ గురించి. ఒక్క రిపోర్టు చూసి తేల్చెయ్యకూడదు కూడా. కణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది, అంటే మొన్నెప్పుడో వచ్చిన గట్టి జ్వరం దెబ్బ ఇప్పటి రిపోర్టులో కనిపిస్తుంది, అందుకే కణాల కౌంట్ తక్కువొస్తే కొన్ని వారాలు ఆగి మళ్ళీ చేయిస్తారు. కొందరికి వేరికోసిల్ (వృషణాల దగ్గర రక్తనాళాలు ఉబ్బడం) ఉంటుంది, దానికి ఆపరేషన్ ఉంది. ఇవేమీ చూడకుండా నేరుగా లక్షల ప్యాకేజీకి పోవడం ఏంది?

మొహర్రం టైంలో నెల్లూరు బారాషహీద్ దర్గా కాడ స్వర్ణాల చెరువులో, పిల్లలు పుట్టాలని కోరుకుని సంతానం రొట్టె పట్టుకోడానికి చాలామంది జంటగానే నీళ్ళలో దిగుతారు. నమ్మకం ఎవరిష్టం వాళ్ళది, నేను ఎగతాళి చెయ్యను. ఆసుపత్రి ఓపీ చీటీ మీద మాత్రం ఆమె పేరొక్కటే ఉంటుంది.

ఐవీఎఫ్‌కి నేను వ్యతిరేకం కాదు, ట్యూబులు రెండూ మూసుకుపోయినోళ్ళకి వేరే దారి లేకపోవచ్చు. కానీ ఒక్కో సైకిల్‌కి, అంటే ఒక్కో ప్రయత్నానికి, మందులతో కలిపి లక్షన్నర, రెండు లక్షలు దాటుతుంది, మామూలు హెల్త్ ఇన్సూరెన్స్ చాలావాటిలో రాదు, ఫెయిలైతే మళ్ళీ మొదటి నుంచి. వయసు నలభై దాటితే సొంత అండాలతో అవకాశం బాగా పడిపోతుంది, ఏ బోర్డు మీద గ్యారంటీ అని రాసున్నా అది అబద్ధమే. ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్సల మీద వచ్చిన 2021 ఏఆర్‌టీ చట్టం ప్రకారం క్లినిక్‌కి రిజిస్ట్రేషన్ ఉండాలి, ఖర్చు, సైడ్ ఎఫెక్టులు, అవకాశాలు ముందే చెప్పాలి, అడిగి తెలుసుకునే హక్కు మనకుంది. అడగరు, సిగ్గు. ఆ సిగ్గు మీదే కొందరి వ్యాపారం నడుస్తోంది. 2025 జులైలో సికింద్రాబాద్ ఫర్టిలిటీ సెంటర్ కేసు చూశాం కదా, ఒక జంటకి సరోగసీ (వేరే ఆమె కడుపున మోసిన) బిడ్డ అని చేతిలో పెట్టినారు, డీఎన్ఏ టెస్టులో చూస్తే వాళ్ళ బిడ్డే కాదు.

హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023లో తెలంగాణ సర్కారు ఐవీఎఫ్ పెట్టింది, ఇక్కడా పెడితే సంతోషమే. ఈలోపు చెయ్యగలిగింది ఇంకోటుంది. కావలి, ఆత్మకూరు, కనిగిరి లాంటి ఊళ్ళ సర్కారు ఆసుపత్రుల్లో వారానికి ఒక పూట జంటల ఓపీ పెట్టి, ఇద్దరూ వస్తేనే చీటీ రాయాలి. వీర్యం శాంపిల్ గంటలోపు మైక్రోస్కోప్ కిందికి పోవాలి, ఊరి నుంచి సీసాలో పట్టుకుని బస్సెక్కితే కుదరదు, అందుకే టెస్ట్ దగ్గర్లోనే ఉండాలి. ఇంకోటి, చెప్తే నవ్వుతారు గానీ, శాంపిల్ ఇవ్వడానికి లోపల గడియ పడే గది ఒకటి కావాలి. చాలా ల్యాబుల్లో పేషెంట్లందరూ వాడే బాత్రూమే చూపిస్తారు, బయట ఇద్దరు తలుపు కొడతా ఉంటారు, అది చూసి వెనక్కి తిరిగొచ్చిన మగాళ్ళని మొండోళ్ళని ఎట్లా అంటాం?