ఆ బాట ఎడ్లది, బావిలోకి దిగడం మాత్రం వద్దు

ప్లాట్లుగా మారిన చేలో మిగిలిన మోట బావిలోకి, అంటే ఎడ్లు లాగే పెద్ద బొక్కెనతో (మోటతో) నీళ్లు తోడిన పాత బావిలోకి, దిగిన సంగతి మీ పోస్టులో బాగా రాశారు. ఫొటోలో ఒడ్డున ఏటవాలుగా కనిపించేది ఎడ్లు మోట లాగుతూ దిగే బాట అండీ. గిలక నిలిపిన రాతి స్తంభాలు, నీళ్లు పడే తొట్టి ఇంకా ఉన్నాయంటే అదృష్టమే. మా వైపు ఆ రాళ్లన్నీ ప్రహరీ గోడల్లోకి పోయాయి.

కానీ ఒంటరిగా అడుగుదాకా దిగడమేంటి? వాడకం లేని బావిలో చెత్త కుళ్లి కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, వాసన కూడా రాదు. మామూలు గాలిలో 21 శాతం దాకా ఉండే ఆక్సిజన్ అక్కడ బాగా తగ్గిపోవచ్చు. దీపం దించి ఆరిపోతుందేమో చూస్తే చాలదు, మీథేన్ అనే మండే వాయువు ఉంటే అంటుకుంటుంది. పడిపోయినవాడి కోసం దిగినవాళ్లూ పోయారన్న వార్తలు ఎన్ని చదవలేదు! లోతు తెలియాలంటే తాడుకు రాయి కట్టి పైనుంచే వదలండి.