అసలు యోధులకు నటన రాదు

రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలకు ఎదురుతిరిగి రహస్యంగా పనిచేసినవాళ్ల మీద వచ్చిన టీవీ సిరీస్‌లు వరసపెట్టి చూసి, ఆ ఊపులో చరిత్ర పుస్తకాలు కూడా తిరగేసినవాడిగా ఒక ఫిర్యాదు నమోదు చేస్తున్నాను. ఆ అసలు యోధులు మనల్ని చాలా నిరాశపరిచారు.

టీవీలో వాళ్లు ఎలా ఉంటారో అందరికీ తెలుసు. తోలు కోటు, ఒక పక్కకి వాలిన టోపీ, ఎప్పుడూ ఆరని సిగరెట్టు. మీటింగ్ నాజీ రహస్య పోలీసుల, అంటే గెస్టపో, ఆఫీసుకి ఎదురుగా ఉన్న కెఫేలోనే, అదీ పక్క టేబుల్‌కి వినపడేంత గొంతుతో. ద్రోహి ఎవరో మొదటి ఎపిసోడ్‌లోనే తెలిసిపోతుంది, ఎందుకంటే చెమటలు పట్టేది వాడొక్కడికే. మూడు రోజులు చిత్రహింసలు పెట్టాక కూడా హీరోకి కనుబొమ్మ మీద చిన్న గాటు తప్ప ఏమీ ఉండదు, ఆ గాటు కూడా ముఖానికి బాగా నప్పుతుంది. ఫ్రెంచివాళ్లు తమలో తాము ఫ్రెంచి యాస ఇంగ్లిష్‌లో, జర్మన్లు జర్మన్లతో జర్మన్ యాస ఇంగ్లిష్‌లో మాట్లాడుకుంటారు. ఎవరి కోసం ఆ యాస అని అడగకూడదు. ఇక ఊరు ఊరంతా యోధులే, ఒక్క మేయర్ తప్ప. యుద్ధం అయ్యాక ఫ్రాన్స్ అధికారికంగా గుర్తించిన ప్రతిఘటన యోధులు దాదాపు 2,20,000 మంది, అప్పటి జనాభా దాదాపు 4 కోట్లు. మిగతావాళ్లంతా ఏం చేస్తున్నారనుకోవాలి? బహుశా ఎక్స్‌ట్రాలు సరిపోక వాళ్లని చూపించి ఉండరు.

ఈ ప్రమాణాలు పెట్టుకుని నార్వే సంగతి చూడండి. అణు పరిశోధన కోసం జర్మన్లకి కావలసిన భారజలం వేమోర్క్ ప్లాంటులో తయారవుతోంది, దాన్ని ధ్వంసం చేయాలి. కథావస్తువు బ్రహ్మాండం. కానీ 1942 అక్టోబర్‌లో బ్రిటన్ నుంచి పారాచూట్లతో ముందుగా దిగిన నలుగురు నార్వే యోధులు ఏం చేశారు? మంచు పీఠభూమి మీద చలికాలమంతా కాచుకుని కూర్చున్నారు. తిండి అయిపోతే రాళ్ల మీద నాచు తిన్నారు, క్రిస్మస్ దగ్గరపడ్డాక గానీ ఒక రెయిన్‌డీర్ దొరకలేదు. ఎనిమిది ఎపిసోడ్లు హీరోలు నాచు నములుతూ ఉంటే రెండో సీజన్‌కి డబ్బు ఎవడిస్తాడు? సరే, 1943 ఫిబ్రవరి 27 రాత్రి ఇంకో జట్టుతో కలిసి దాడి చేశారు, కేబుళ్లు పోయే సొరంగంలోంచి దూరి పేలుడు పదార్థాలు పెట్టారు, ఫ్యూజు వెలిగించబోతుండగా లోపలున్న నార్వే కాపలాదారు తన కళ్లద్దాలు కనపడటం లేదన్నాడు, యుద్ధకాలంలో కొత్తవి దొరకవన్నాడు. వీళ్లు ఆగి వెతికి ఇచ్చారు! క్లైమాక్స్‌లో కళ్లద్దాలు వెతికే సీను రాసినవాణ్ణి ఏ సెట్‌లోకీ మళ్లీ రానివ్వరు. పోనీ పేలుడైనా ఘనంగా ఉందా అంటే, చప్పుడు ఎంత చిన్నదంటే ఒక జర్మన్ సైనికుడు బయటికొచ్చి, తలుపు సరిగా వేసుందో లేదో చూసుకుని లోపలికి వెళ్లిపోయాడు. 500 కిలోల దాకా భారజలం పోయింది, ఒక్క తూటా పేలలేదు, ఒక్కరూ చావలేదు. ఇలా తీస్తే ట్రైలర్‌లో ఏం పెట్టుకోవాలి?

ప్రాగ్‌లో అయితే మరీ అన్యాయం. 1942 మే 27న జోసెఫ్ గాబ్చిక్, ఆక్రమిత చెక్ ప్రాంతాన్ని ఏలుతున్న నాజీ అధికారి హైడ్రిక్ కారుకి అడ్డంగా దూకి స్టెన్ గన్ ట్రిగ్గర్ నొక్కితే అది పేలలేదు. జామ్ అయింది. టీవీలో తుపాకులకి తూటాలే అయిపోవు, జామ్ కావడమేంటి అసలు? తోటివాడు యాన్ కుబిష్ గ్రెనేడ్ విసిరాడు కాబట్టి సరిపోయింది, అయినా విలన్ అక్కడికక్కడ పోలేదు, ఆస్పత్రిలో చేరి ఎనిమిది రోజులకి ఇన్‌ఫెక్షన్‌తో పోయాడు. హీరో ముఖం చూడకుండా, హీరో చెప్పాల్సిన డైలాగు వినకుండా!

ఆ తర్వాత జరిగింది సీరియళ్లు చటుక్కున దాటేస్తాయి, ఎందుకో తేలిగ్గానే అర్థమవుతుంది. జూన్ 10న లిడిత్సే అనే ఊళ్లో 173 మంది మగవాళ్లని వరసగా నిలబెట్టి కాల్చారు, ఆడవాళ్లని నిర్బంధ శిబిరానికి పంపారు, పిల్లల్లో ఎక్కువమందిని విషవాయువుతో చంపారు. ఆ ఊరికి ఈ హత్యతో ఏ సంబంధమూ లేదు. ఇలాంటిదేదో జరుగుతుందనే, పని ఆపెయ్యమని స్థానిక రహస్య నాయకులు లండన్‌కి ముందుగానే సందేశం పంపారు కూడా. ఇదంతా చూపిస్తే ఆ దాడి చేయాల్సిందా, వద్దా అని ప్రేక్షకుడు రాత్రంతా ఆలోచిస్తూ కూర్చుంటాడు, తర్వాతి ఎపిసోడ్ ఎవడు చూస్తాడు? అందుకే వంతెన పేలుతుంది, హీరో హీరోయిన్‌ని దగ్గరికి తీసుకుంటాడు, పేర్లు పడతాయి.

హీరోయిన్ అంటే గుర్తొచ్చింది. టీవీలో ఆమె సూట్‌కేసు రేడియోని హ్యాండ్‌బ్యాగులా ఊపుకుంటూ నడుస్తుంది, అసలుది దాదాపు 15 కిలోలు. టిప్పు సుల్తాన్ వంశానికి చెందిన నూర్ ఇనాయత్ ఖాన్ పిల్లల కథలు రాసుకునే మనిషి, ఈమెకి తెలివి అంతంతమాత్రమని ట్రైనింగ్‌లో రిపోర్టు కూడా రాశారు. బ్రిటన్ తరఫున రహస్య రేడియో ఆపరేటరుగా 1943 జూన్‌లో పారిస్ చేరింది, రోజుల్లోనే తన దళమంతా పట్టుబడింది, వెనక్కి రమ్మన్నా రాకుండా ఇల్లు మార్చి ఇల్లు మారుతూ అక్టోబర్ దాకా సందేశాలు పంపింది, 1944 సెప్టెంబర్‌లో డాకౌ శిబిరంలో ఆమెని కాల్చి చంపారు. అంతా బాగానే ఉంది గానీ ఇందులో మంచి మనసున్న జర్మన్ ఆఫీసరుతో ప్రేమ ఏది?

ఈ విషయంలో చైనా టీవీనే మెచ్చుకోవాలి. జపాన్ ఆక్రమణ మీద అక్కడ తీసిన సీరియళ్లలో హీరో శత్రు సైనికుణ్ణి ఉత్త చేతులతో నిలువునా చీల్చేస్తాడు, చేతి గ్రెనేడ్ పైకి విసిరి విమానాన్ని కూల్చేస్తాడు. చివరికి 2013లో ప్రభుత్వమే కలగజేసుకుని, ఈ అతి చాలించండని చానళ్లకి చెప్పాల్సొచ్చింది. కళని అర్థం చేసుకోలేని ప్రభుత్వాలు అన్నిచోట్లా ఉంటాయి.

ఆ నిర్మాతల దగ్గరికే నేను అడోల్ఫో కమిన్‌స్కీ కథ పట్టుకెళ్దామనుకుంటున్నాను. పారిస్‌లో పద్దెనిమిదేళ్ల కుర్రాడు, బట్టలకి రంగులద్దే పని చేసినవాడు. చెరగదనుకున్న నీలి సిరాని ల్యాక్టిక్ యాసిడ్‌తో చెరపొచ్చని అతనికి తెలుసు, ఆ ఒక్క కిటుకుతో, నాజీలకి దొరక్కుండా యూదుల గుర్తింపు కార్డులు మార్చేవాడు. గంటకి ముప్పై పత్రాలు చేయగలను, గంట నిద్రపోతే ముప్పై మంది చస్తారు అని లెక్కేసుకుని కళ్లు తేలిపోయేదాకా బల్ల ముందే కూర్చునేవాడు. తుపాకీ లేదు, పరుగు లేదు, బల్ల మీంచి లేవడం కూడా లేదు. వాళ్లు ఏమంటారో నాకు ముందే తెలుసు, అందుకే చిన్న మార్పు నేనే చేసి ఉంచాను: చివరి ఎపిసోడ్‌లో ఆ యాసిడ్ సీసా కిటికీలోంచి విసిరితే రెండు విమానాలు కూలతాయి.