ఒంటికాలి మీద ఆయుష్షు

పురాణాల్లో రాక్షసులు ఒంటికాలి మీద ఎందుకు నిలబడేవారో నాకు 53వ ఏట అర్థమైంది. హిరణ్యకశిపుడికి కావలసిందీ నాకు కావలసిందీ ఒకటే. ఆయన పగలు వద్దు, రాత్రి వద్దు, ఇంట్లో వద్దు, బయట వద్దు అంటూ పెద్ద చిట్టా చదివి చావుకి దారులన్నీ మూసేశాననుకున్నాడు. నా చిట్టా చిన్నది. పది సెకన్లు, బాత్‌రూములో, నోట్లో బ్రష్షుతో. ఆయన లెక్క గడప మీద తేలింది. నాది తువ్వాలు ఆరేసే కమ్మీ దగ్గర తేలింది.

అంతా ఒక అధ్యయనం చదవడంతో వచ్చింది. బ్రెజిల్‌లో 51 నుంచి 75 ఏళ్ల వయసున్న 1702 మందిని పిలిచి, ఒక పాదం ఎత్తి రెండో కాలి వెనక ఆనించి, చేతులు పక్కలకు వదిలేసి, ఎదురుగా చూస్తూ 10 సెకన్లు నిలబడమన్నారట. మూడు అవకాశాలు ఇచ్చారు. అయినా ఐదుగురిలో ఒకరు నిలబడలేకపోయారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి వాళ్లందరినీ గమనిస్తూ వస్తే, నిలబడలేనివాళ్లకు చావు ముప్పు మిగతావాళ్లకంటే 84 శాతం ఎక్కువని తేలింది. వయసు, బరువు, ఉన్న జబ్బులు అన్నీ సరిచూసుకున్నాకే సుమా. 2022లో ఇది అచ్చయింది.

చదివిన చోటే లేచి నిలబడ్డాను. మొదటిసారి నాలుగు సెకన్లు. రెండోసారి ఆరు. మూడోసారి పదకొండు, కానీ సోఫా పట్టుకున్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిద్ర తక్కువైనా ఆయుష్షుకి మంచిది కాదని ఇంకోచోట చదివి ఉన్నాను కాబట్టి, ఆ దిగులుతో ఉన్న కాస్త కునుకూ పోయింది.

మా అమ్మాయి జీవశాస్త్రం చదువుతోంది. పొద్దున్నే దాన్ని పట్టుకున్నాను. అంతా విని, "నాన్నా, అది థర్మామీటరు. మందు కాదు. ఒంట్లో బాగాలేనివాళ్లకి నిలకడ తగ్గుతుంది. అంతేగానీ ఒంటికాలి మీద నిలబడితే ఉన్న రోగాలు పారిపోవు. జ్వరం వస్తే థర్మామీటరుని ఐసులో పెడతావా?" అంది.

"పెడితే తగ్గుతుంది కదా?"

"అంకె తగ్గుతుంది."

నాకు కావలసింది ఆ అంకే. కానీ పైకి అనలేదు. "సాధన చేస్తే మంచిదేలే, పెద్దయ్యాక పడిపోకుండా ఉంటావు. గోడ పక్కన చెయ్యి," అని కూడా అంది పాపం. ఆ ఆఖరి మాట నా చెవిన పడలేదు.

అసలు నేను ఈ దారిలో అప్పటికే చాలా దూరం వచ్చేశాను. ముందు తిండి తగ్గించాను. 1935లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో క్లైవ్ మెకే అనే ఆయన ఎలుకలకు తిండి తగ్గించి పెడితే అవి మామూలు ఎలుకలకంటే చాలా ఎక్కువకాలం బతికాయి. సరిగ్గా ఎదగక చిన్నగా ఉండిపోయాయి కూడా, కానీ నేను ఎదగవలసినంత ఎదిగినవాణ్ణి కదా అని ధైర్యం. తర్వాత కోతుల సంగతి చదివాను. అమెరికాలో రెండుచోట్ల రీసస్ కోతులకు ఏళ్ల తరబడి తిండి కోసి చూశారు. 2009లో విస్కాన్సిన్ వాళ్లు ఆయుష్షుకి మేలు జరిగిందన్నారు. 2012లో వృద్ధాప్యంపై పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థవాళ్లు ఆయుష్షులో తేడా ఏమీ లేదన్నారు. ఆరా తీస్తే, విస్కాన్సిన్‌లో పోలిక కోసం పక్కన పెట్టిన కోతులకు తిన్నంత పెట్టారట, ఆ మేతలో పంచదారా ఎక్కువేనట. అంటే అక్కడ సగం కోతులు తక్కువ తిని ఎక్కువ బతికాయా, మిగతా సగం ఎక్కువ తిని తక్కువ బతికాయా? ఈ ప్రశ్న మీద నేను రోజుకి పద్దెనిమిది గంటలు కడుపు మాడ్చుకుని ఆలోచించాను.

పదో రోజున మా ఆవిడ అంది: "ఏవండీ, ఆకలితో మీ ఆయుష్షు పెరుగుతోందో లేదో తెలీదు గానీ, మీ కోపంతో మా అందరి ఆయుష్షూ తరుగుతోంది."

ఆ తర్వాత రక్తం మీద పడ్డాను. ముసలి ఎలుకనీ పడుచు ఎలుకనీ కలిపి కుట్టి ఒకే రక్తం ఇద్దరిలోనూ తిరిగేలా చేస్తే ముసలిదాని కండరాలు పడుచుదాని కండరాల్లా బాగుపడ్డాయని 2005లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు చూపించారు. ఇది మన యయాతి కథే. భోజనాల దగ్గర ఈ విషయం ఎత్తి, ఎందుకో అనుకోకుండా అమ్మాయి వైపు చూశాను. "పూరుడు కొడుకు నాన్నా. నేను కూతుర్ని," అని అది కంచం తీసుకుని లేచిపోయింది. వెళ్తూ వెళ్తూ బొగ్దానోవ్ గురించి చదవమంది. చదివాను. ఆ రష్యన్ పెద్దమనిషి పడుచుదనం వస్తుందని కుర్రాళ్ల రక్తం ఎక్కించుకునేవాడు. 1928లో మలేరియా, క్షయ ఉన్న ఒక విద్యార్థితో రక్తం మార్చుకుని చనిపోయాడు. కుర్రాడు మాత్రం బతికాడు. అప్పటికి బొగ్దానోవ్ వయసు 54. నాకింకా ఏడాది టైముంది.

ఇక వయసు కొలిచే పరీక్ష. డీఎన్ఏ మీద అక్కడక్కడా అంటుకునే మిథైల్ అనే రసాయన గుర్తులు చూసి మనిషి వయసు చెప్పే గడియారాన్ని 2013లో స్టీవ్ హోర్వాత్ తయారుచేశాడు. 353 చోట్ల చూస్తాడు. అలాంటి గడియారాలతోనే ఇప్పుడు ఇంటికి డబ్బాలు పంపుతున్నారు, ఉమ్మి పంపితే చాలు. ఒకటి కొంటే రెండోది సగం ధరకే అంటే రెండు తెప్పించాను. రెండోది మా ఆవిడ కోసం. "నా వయసు నాకు తెలుసు. మీకు చెప్పను," అని డబ్బా వెనక్కి తోసింది. పారేయడానికి మనసొప్పక, ఒకే పొద్దున రెండు గొట్టాల్లోనూ నేనే ఉమ్మి పంపేశాను.

ఈలోగా ఒంటికాలి సాధన జోరందుకుంది. మూడు వారాలకల్లా పది సెకన్లు నిలబడ్డాను. అక్కడితో ఆగితే ఈ కథ లేదు. రాక్షసుడికైనా నాకైనా వరం చేతికొచ్చాకే బుద్ధి వక్రిస్తుంది. కళ్లు తెరిచి పది సెకన్లు బ్రెజిల్‌లో ఎవరైనా నిలబడతారు, కళ్లు మూసుకుని నిలబడితే కదా లెక్క అనిపించింది.

మనిషి నిటారుగా నిలబడటానికి లోపల ముగ్గురు ఉద్యోగులు పనిచేస్తుంటారు. కళ్లు, లోపలి చెవి, కీళ్లలోనూ కండరాల్లోనూ ఉండే స్పర్శ. ఆ పొద్దున నేను మొదటివాడికి సెలవిచ్చాను. రెండోవాడు 53 ఏళ్లుగా ఒక్క సెలవూ లేకుండా పనిచేస్తున్నవాడు, ఎప్పుడు కునుకు తీస్తాడో తెలీదు. మూడోవాడి కింద సబ్బు నీళ్లున్నాయి.

ఒకటి, రెండు, మూడు. నోట్లో బ్రష్షు తిరుగుతోంది. నాలుగు దగ్గర ప్రపంచమంతా మెల్లగా ఎడమకి జరగడం మొదలుపెట్టింది. ఐదు దగ్గర అది నిజంగానే జరుగుతోందని తెలిసింది. చెయ్యి చాపితే కమ్మీ దొరికింది. కమ్మీ నాకు దొరికింది గానీ గోడకి దొరకలేదు. తువ్వాలు, కమ్మీ, మేకులు, కాస్త సున్నం, నేనూ కలిసి బకెట్టు మీదికి వెళ్లాం. ఆ బకెట్టు వెళ్లి చెంబుల మీద పడింది. ఇంట్లో అన్ని చెంబులు ఉన్నాయని నాకు అప్పటిదాకా తెలీదు.

బయట నిశ్శబ్దం. తర్వాత మా అమ్మ గొంతు: "ఒరేయ్, చచ్చావా, బతికావా?"

వృద్ధాప్య పరిశోధన మొత్తం ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. జవాబు చెబుదామంటే నోటినిండా నురగ. నేను పలకకపోయేసరికి తలుపులు బాదడం మొదలైంది. గడియ లోపలుంది. ఎడమ కాలు కదలడం లేదు. చివరికి గడియ దాకా పాకాను. ఆయుష్షు పెంచుకునే పద్ధతుల్లో పాకడం గురించి ఎక్కడా చదివిన గుర్తులేదు.

తలుపు తెరుచుకోగానే మా ఆవిడ నా మీద ఒంటికాలి మీద లేచింది. పది సెకన్లు కాదు, ఆసుపత్రి చేరేదాకా దింపలేదు. ఆ లెక్కన ఆవిడ ఆయుష్షుకి ఢోకా లేదు.

ఎక్స్‌రే చూసి కుర్ర డాక్టరు, "చీలమండ దగ్గర ఎముక సన్నగా చిట్లింది. ఎలా పడ్డారండీ?" అన్నాడు.

"పడిపోకుండా ఉండటానికి సాధన చేస్తూ," అన్నాను.

అతను రాయడం ఆపి మా ఆవిడ వంక చూశాడు. "అవునండీ," అంది ఆవిడ, చాలా ప్రశాంతంగా.

కట్టు ఆరేదాకా కూర్చోవాలి. ఏదో ఒకటి మాట్లాడి పరువు కాపాడుకుందామని అమ్మకి ఆల్చిప్ప కథ చెప్పాను. 2006లో ఐస్‌లాండ్ దగ్గర సముద్రంలోంచి ఒకదాన్ని తీశారు, గుల్ల మీది చారలు లెక్కపెడితే చివరికి 507 ఏళ్లని తేలింది.

"అబ్బో! ఇంకా ఉందా?"

"లేదమ్మా. తీసినప్పుడే ఓడలో గడ్డకట్టించేశారు. అలా పోయింది."

అమ్మ కాసేపు ఆలోచించింది. "అయితే దాని జోలికి పోకుండా ఉంటే ఇంకా బతికేదే కదరా," అంది. అని నా కట్టు వంక చూసింది.

మాట మార్చడానికి ఝాన్ కాల్మెంట్ కథ ఎత్తుకున్నాను. ఫ్రాన్స్‌లో 122 ఏళ్లు బతికిందావిడ. 1965లో, ఆమెకి 90 ఏళ్లప్పుడు, 47 ఏళ్ల నోటరీ ఒకాయన ఒప్పందం రాసుకున్నాడు. నెలనెలా ఆమెకి డబ్బు ఇస్తాడు, ఆమె పోయాక ఇల్లు అతనిది. ముప్పై ఏళ్లు కట్టి, 77వ ఏట అతనే పోయాడు. మిగతాది అతని భార్య కట్టింది.

ఇందులో అమ్మకి నచ్చింది ఏమిటని అడిగితే, "పాపం ఆ భార్య," అంది. మా ఆవిడ గట్టిగా తలూపింది.

నాలుగో రోజున నేను మంచం మీద ఉండగా డీఎన్ఏ ఫలితాలు వచ్చాయి. రెండూ ఒకేసారి. మొదటి గొట్టం ప్రకారం నా వయసు 47. రెండో గొట్టం ప్రకారం 54. ఒకే మనిషి, ఒకే పొద్దున, ఒకే ఉమ్మి. అమ్మాయిని పిలిచి చూపించాను. అది ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. ఒకే నమూనాని రెండుసార్లు కొలిస్తే ఇలాంటి గడియారాలు 3 నుంచి 9 ఏళ్ల దాకా తేడా చూపించవచ్చని 2022లోనే ఒక పత్రం వచ్చిందట. "నీది ఏడేళ్లే నాన్నా, బాగానే వచ్చింది," అని మెచ్చుకుంది.

మా ఆవిడ రెండు కాగితాలూ తీసుకుని, పక్కపక్కన పెట్టి, కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చదివింది.

"47 ఏళ్ల కాలు ఏదో కనుక్కోండి," అంది. "ఈసారి దాని మీద నిలబడుదురుగాని."