బ్లాక్ బెల్ట్ పరీక్షలో మణికట్టు ఎందుకు పట్టుకోరు?

కరాటే కావచ్చు, జూడో కావచ్చు, బెల్ట్ రంగు మారగానే విద్యార్థి అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఇక కొత్తగా ఏం నేర్పుతారు, మాస్టర్?" ఆ ప్రశ్నకు లొంగిపోయి వారానికో కొత్త టెక్నిక్ చూపించే శిక్షకుల మీద నాకు చాలాకాలంగా అభ్యంతరం ఉంది. ఆత్మరక్షణకు నిజంగా అక్కరకొచ్చే మెళకువలు కొద్దిపాటివే. వాటిని మొదటి నెలల్లోనే నేర్పేస్తారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగవలసింది వాటిలోంచి అనవసరమైన కదలికలను ఒక్కొక్కటిగా ఏరిపారేసే పనేనని నా అభిప్రాయం.

మణికట్టు విడిపించుకోవడాన్నే తీసుకోండి. పట్టుకున్న చేతిలో నాలుగు వేళ్లు ఒకవైపు, బొటనవేలు మరోవైపు ఉంటాయి. ఆ రెండూ కలిసే సందులోనే పట్టు బలహీనంగా ఉంటుంది. ఈ సంగతి మొదటి రోజే చెబుతారు, అయినా కొత్త విద్యార్థి చెయ్యి వెనక్కే గుంజుతాడు. భుజం చెవి దాకా లేస్తుంది, ఊపిరి బిగుసుకుంటుంది, చూపు మణికట్టును వదలదు. జోడీగా వచ్చినవాడు బలహీనుడైతే చెయ్యి ఎలాగూ ఊడివస్తుంది కాబట్టి విద్య పట్టుబడిందనే అనుకుంటాడు. కొన్నాళ్లకు ముంజేతి సన్నని అంచును ఆ సందుకు ఎదురుగా తిప్పడం, మోచేతిని మడిచి అవతలివాడి ముంజేతి వైపు నడిపించడం అలవాటవుతాయి. ఆ పైన అడుగు ముందుకు పడుతుంది. చేతిని ఒంటివైపు లాక్కోకుండా ఒంటినే చేతి దగ్గరకు తీసుకువెళ్లడంతో నడుము బలం కూడా తోడవుతుంది. ఇంకా ముదిరినవారు పట్టు బిగిసేదాకా ఆగనే ఆగరు. వేళ్లు తాకీ తాకకముందే మణికట్టు తిరిగిపోతుంది, అవతలివాడు లాగితే ఆ లాగుడుతోనే లోపలికి వెళ్తారు, నెడితే పక్కకు తప్పుకుంటారు, విడిపడిన మరుక్షణం రెండు చేతులూ ముఖానికి అడ్డంగా లేచి, కాళ్లు దూరం జరుగుతాయి. చూసేవారికి అక్కడ ఏమీ జరిగినట్టే ఉండదు. ప్రదర్శనల్లో దీనికి చప్పట్లు పడకపోవడానికి కారణం బహుశా అదే.

1882లో జూడోను స్థాపించిన జిగోరో కానో బోధనలో ఒక విసురుకు మూడు దశలున్నాయి: ప్రత్యర్థి నిలకడను చెదరగొట్టే కుజుషి, విసరడానికి అనువుగా మన శరీరాన్ని అమర్చుకునే త్సుకురి, చివరికి విసిరే కాకే. కొత్తవారు తమ బలాన్నంతా మూడో దశలోనే ఖర్చు పెడతారు, అందుకే నిటారుగా నిలబడ్డ మనిషిని ఎత్తలేక నడుము నొప్పి తెచ్చుకుంటారు. అనుభవజ్ఞులు అదే విసురులో మొదటి దశను అంత ముందుగా, అంత తేలికగా ముగిస్తారు కాబట్టి, పడినవాడికి తాను ఎప్పుడు తూలాడో కూడా తెలియదు. షోటోకాన్ కరాటేకు మూలపురుషుడైన గిచిన్ ఫునకోషి మూడు నైహాంచి కటాల (ఒంటరిగా సాధన చేసే నిర్ణీత కదలికల వరుసల) మీదే సుమారు 10 ఏళ్లు సాధన చేశారు. ఈనాటి విద్యార్థికి పది నెలల పాటు ఒకే కటా ఇస్తే శిక్షణ కేంద్రమే మార్చేస్తాడు.

అయితే ఒకే పనిని వేలసార్లు చేస్తే దానంతట అదే పదునెక్కుతుందనే మాటను కూడా నేను పూర్తిగా ఒప్పుకోను. సరైన క్షణంలో మర్యాదగా పట్టు వదిలేసే జోడీతో ఎన్నిసార్లు చేసినా పెరిగేది ఆ మర్యాదకు అలవాటు పడటమే. ఏ చెయ్యి పట్టుకుంటాడో ముందు తెలియకూడదు. పట్టుకున్నవాడు లాగాలి, గోడకేసి నెట్టాలి, రెండో చేత్తో గల్లా అందుకోవాలి. భయం ముంచుకొచ్చినప్పుడు వేళ్లతో చేసే నాజూకు పనులు మొరాయిస్తాయి, నడుమూ కాళ్లూ చేసే పెద్ద కదలికలే మిగులుతాయి. కాబట్టి మెళకువలో ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చి చెప్పేది ఆ ప్రతిఘటనే.

గ్రేడింగుల మీద నా ఫిర్యాదు కూడా ఇదే. పై బెల్ట్ పరీక్షల్లో పలకలు పగలగొట్టిస్తారు, పొడవాటి కటాలు చేయిస్తారు, వైట్ బెల్ట్ నాటి పాఠాన్ని మాత్రం అందరికీ వచ్చినదిగానే లెక్కవేస్తారు. స్పారింగ్ (జోడీతో సాధన పోరు) ముగిసి అభ్యర్థి రొప్పుతున్నప్పుడు, ముందుగా చెప్పకుండా, అతనికంటే బరువైన మనిషి చేత మణికట్టు పట్టించి చూడండి. భుజం చెవి దాకా లేచిందంటే బెల్ట్‌ను ఇంకో ఆరు నెలలు ఆపండి, గ్రేడింగ్ ఫీజు మాత్రం రెండోసారి అడగకండి.