గేదెకో రేటు, గృహస్థుకో రేటు

సమానత్వం గురించి గంటలకొద్దీ మాట్లాడే పెద్దలెవరూ రబ్బరు మ్యాట్ల ధరల జోలికి పోకపోవడం విచారకరం. పశువుల కొట్టంలో పరిచే మ్యాటుకు ఒక రేటు, ఇంట్లో జిమ్ పెట్టుకునే గృహస్థు పరుచుకునే మ్యాటుకు ఇంకో రేటు. గేదె దగ్గర దగ్గర ఐదు వందల కిలోలుంటుంది. గిట్టలతో తొక్కుతుంది, పడుకుంటుంది, లేస్తుంది, మిగతా కార్యక్రమాలు కూడా దాని మీదే కానిస్తుంది. గృహస్థు ఐదేసి కిలోల డంబెల్స్ రెండు పట్టుకుని, వీలైన ఆదివారాల్లో దాని మీద నిలబడతాడు. మందాన్ని బట్టి లెక్కేస్తే ఎక్కువ కట్టేది ఇతనే. ఈ అన్యాయం మీద ఇంతవరకు ఒక్క కమిటీ కూడా వేయలేదు.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో రబ్బరు సరుకు అమ్మే ఏ కొట్టుకైనా వెళ్లి చూడండి. ఓనరు ముందు అడిగేది మందం కాదు. "జిమ్ముకా సార్?" అంటాడు. అంటూనే మీ కాళ్ల వైపు చూస్తాడు. స్పోర్ట్స్ షూ కనబడిందా, రేటు అక్కడికక్కడే పెరుగుతుంది. అందుకే ఇలాంటి బేరాలకు హవాయి చెప్పులతో వెళ్లాలని నా నిశ్చితాభిప్రాయం.

తర్వాత కొలతల గొడవ. "అడుగు ఇంత" అంటాడాయన. ఏ అడుగని అడిగే ధైర్యం మనకుండాలి. రోల్ నాలుగడుగుల వెడల్పుంటే ఒక రన్నింగ్ ఫీట్ అంటే నాలుగు చదరపు అడుగులు. ఆన్‌లైన్‌లో అయితే ధర ఒక్క రబ్బరు టైలుకి. ఆ టైలు 50 సెంటీమీటర్ల చదరం, అంటే 2.69 చదరపు అడుగులు. మనవాళ్లు గదులు అడుగుల్లో కడతారు, ఆ కంపెనీలేమో టైళ్లు సెంటీమీటర్లలో పోస్తాయి. దీని ఫలితం పదికి పది గదిలో బయటపడుతుంది. 36 టైళ్లు చక్కగా సర్దుకుంటాయి, రెండు గోడల వెంట ఐదు సెంటీమీటర్ల పట్టీ మాత్రం బోసిగా మిగిలిపోతుంది. దానికోసం ఇంకో రెండు టైళ్లు కొని, కూరల కత్తితో కోయాలి. వంటింట్లో ఆ కత్తి మళ్లీ పనికి రాదు. ఆ విషయం ఇంటావిడకు ఎవరు చెబుతారన్నది తర్వాతి ప్రశ్న.

ఇంతకీ ఈ 'ప్రీమియం ఫిట్‌నెస్ ఫ్లోరింగ్' ఏమిటని ఆరా తీస్తే, చాలావరకు అది పాత టైర్ల పొడి. పొడిని పాలీయురిథేన్ జిగురుతో కలిపి, అచ్చులో పోసి నొక్కుతారు. నిన్న విజయవాడ హైవే మీద లారీ కింద తిరిగింది, నేడు మన బెడ్‌రూమ్‌లోకి అతిథిగా వచ్చింది. అందులో నీలం, ఎరుపు చుక్కలు కలిపితే రేటు వేరు. పది శాతం చుక్కలకు ఒక ధర, ఇరవై శాతం చుక్కలకు ఇంకో ధర. చుక్కలు బరువు మోయవు, చప్పుడు ఆపవు, కానీ ఫోటోలో బాగా పడతాయి. ఇక వాసన సంగతి. చింత చచ్చినా పులుపు చావదంటారు కదా, టైరు చచ్చినా అంతే. కిటికీలు తెరిచిపెట్టి వారాల తరబడి ఓపిక పట్టాలి. రబ్బరులో గంధకం కలిపి వేడిచేస్తే గట్టిపడుతుందని 1839లో కనిపెట్టిన చార్లెస్ గుడ్‌ఇయర్ 1860లో అప్పులతోనే పోయాడు. రబ్బరు మీద డబ్బు పోసే సంప్రదాయానికి ఆయనే మూలపురుషుడు.

చవగ్గా పోదామనుకుంటే ఈవీఏ ఫోమ్ మ్యాట్లున్నాయి, పిల్లల అక్షరాల మ్యాట్లకు పెద్దన్నలు. తేలిక, చవక. డంబెల్ ఒక రాత్రి అక్కడే పెడితే పొద్దునకి గుంట. మధుమేహం తగ్గించుకుందామని యాభై ఏళ్ల మనిషి 'ఏ ఫర్ యాపిల్' మీద స్క్వాట్లు తీయడం చూడ్డానికి కూడా బాగుండదు.

అసలు బరువు సంగతి ఎవరూ ముందు చెప్పరు. పదికి పది గదికి 10 ఎంఎం రబ్బరు దాదాపు 90 కిలోలు. సరుకొచ్చే రోజు అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు పనిచేయదన్నది ప్రకృతి నియమం. ఆ ఇంటి జిమ్‌కు సంబంధించి జరగబోయే అతి పెద్ద వెయిట్‌లిఫ్టింగ్ అదే, చేసేది హమాలీ. పోనీ ఇంత చేశాక కింద ఫ్లాట్ అంకుల్ శాంతిస్తారా? రబ్బరు నేలను కాపాడుతుంది, కింది ఫ్లోర్ టైల్స్ పగలవు. దబ్బుమన్న అదురు మాత్రం స్లాబ్ గుండా భేషుగ్గా కిందికి దిగుతుంది. "బాబూ, పైన ఏం దంచుతున్నారు?" అనే ఫోన్ రాక తప్పదు.

అమెరికాలో ఈ సమస్యను ఎప్పుడో పరిష్కరించారు. అక్కడ గ్యారేజీలో జిమ్ పెట్టుకునేవాళ్లు చాలామంది రైతు సామగ్రి దుకాణానికి వెళ్లి గుర్రపుశాల మ్యాట్లు తెచ్చుకుంటారు. ఒక్కోటి నాలుగడుగులకు ఆరడుగులు, ముప్పావు అంగుళం మందం, దగ్గర దగ్గర 45 కిలోలు. డల్లాస్‌లో ఉన్న మనవాళ్లూ అంతే. లక్షల జీతం తీసుకుంటూ గుర్రం కోటాలో కొనుక్కుంటున్నారు, ఎవరి పరువూ పోలేదు.

కాబట్టి నా సూచన ఒక్కటే. మనమూ గేదె కోటాలో చేరిపోదాం. పశువుల మ్యాటుకు ఒకవైపు బుడిపెలుంటే ఆ వైపు కిందికి వేసుకుంటే సరి. కొట్లో కొంచెం ప్రిపేరై ఉండాలి. ఎన్ని గేదెలంటే రెండనండి. ఏ జాతంటే ముర్రా. పూటకు ఐదారు లీటర్లంటే నమ్ముతాడు. ఎన్నో ఈతంటే తడబడకుండా రెండోదని చెప్పండి. దూడ కూడా ఉందంటే ఇంకో రెండు రూపాయలు తగ్గించవచ్చు. డెలివరీ అడ్రస్‌లో ఫ్లాట్ నంబరు, ఐదో అంతస్తు అని రాయించేటప్పుడు మాత్రం ఆయన మొహంలోకి చూడకండి.