ఆధారపడటానికి ఆధారం

ఐండ్‌హోవెన్, నెదర్లాండ్స్,
ఆదివారం రాత్రి, గిన్నెలు కడిగాక.

2004/38 నంబరు యూరోపియన్ ఆదేశంలో, రెండో అధికరణంలో, రెండో పేరాలో, (డి) అనే ఇరుకు గదిలో కాపురముంటున్న మహారాజశ్రీ 'డిపెండెంట్' గారికి,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీ ఇరుగుపొరుగువారు, అంటే (ఎ)లో ఉండే భార్యాభర్తలూ, (సి)లో ఉండే 21 ఏళ్లలోపు పిల్లలూ క్షేమమని తలుస్తాను. వాళ్లకేంలెండి. పెళ్లి సర్టిఫికెట్ ఒకటి, పుట్టిన సర్టిఫికెట్ ఒకటి చూపిస్తే లోపలికి రానిస్తారు. అమ్మానాన్నల దగ్గరికి వచ్చేసరికే మీరు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

తిట్టేముందు నాలుగు మంచి మాటలు చెప్పడం మా వైపు మర్యాద. మీరు 2004 ఏప్రిల్ 29న పుట్టారు. యూరప్ పౌరుడు సొంత దేశం వదిలి ఇంకో సభ్యదేశంలో ఉద్యోగం చేసుకుంటూ ఉంటే, అతని మీద ఆధారపడిన తల్లిదండ్రులు వచ్చి అతనితో ఉండొచ్చని రాశారు. అంతటితో ఆగకుండా అతని భార్య తల్లిదండ్రులకి, ఆవిడే పౌరురాలైతే ఆవిడ అత్తమామలకి కూడా చోటిచ్చారు. బ్రస్సెల్స్‌లో కూర్చుని అత్తగారి సంగతి కూడా ఆలోచించినవాళ్లెవరో, వాళ్లకి దండం. వీసాకి ఫీజు లేదు. అమ్మ డచ్చి భాష పరీక్ష రాయక్కర్లేదు. దరఖాస్తు ఇచ్చిన ఆరు నెలల్లో కార్డు ఇచ్చి తీరాలి. చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. ఆ తర్వాత ఇంకోసారి, ఈసారి మెల్లగా చదివాను.

మాది తెనాలి. మా ఆవిడా నేనూ డబ్లిన్‌లో తొమ్మిదేళ్లు ఉన్నాం. ఆవిడ ఐరిష్ పౌరసత్వం తీసుకుంది. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కాబట్టి ఇండియన్ పాస్‌పోర్టు అప్పగించి, విదేశీ పౌరులైపోయిన మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డు తెచ్చుకుంది. నేను మాత్రం నీలం పాస్‌పోర్టు మీదే ఉండిపోయాను. సెంటిమెంటు అని నేను చెప్తాను, బద్ధకం అని ఆవిడ చెప్తుంది. నాన్న పోయాక అమ్మని తెచ్చుకుందాం అనుకున్నాం. ఇంట్లో యూరప్ పాస్‌పోర్టు ఉండగా భయమేముంది అనుకున్నాం.

అప్పుడు తెలిసింది మీ మొదటి చమత్కారం. ఐరిష్ పౌరురాలు ఐర్లండ్‌లోనే ఉంటే మీరు ఆవిడ మొహం చూడరు. మా పక్క ఫ్లాటులో మడ్గావ్ నుంచి వచ్చిన గోవా ఆయన ఉండేవాడు. 1961 డిసెంబరు దాకా గోవా పోర్చుగల్ ఏలుబడిలో ఉంది గనుక తండ్రి తరఫున పోర్చుగీసు పాస్‌పోర్టు సంపాదించాడు. పోర్చుగల్‌లో ఒక్క రాత్రి కూడా నిద్ర చేయలేదు. అయినా వాళ్లమ్మ ఇండియన్ పాస్‌పోర్టుతో మీ తలుపు తోసుకుని దర్జాగా వచ్చేసింది. మా ఆవిడేమో ఐర్లండ్‌కి విధేయురాలినై ఉంటానని నిండు సభలో నిలబడి ప్రమాణం చేసింది. చేసినందుకు ఐర్లండ్ సొంత నిబంధనల క్యూలో నిలబడమన్నారు. ఆ నిబంధనల్లో జీతం గీత ఎక్కడ గీశారో చూసి ఇద్దరం మెల్లగా ల్యాప్‌టాప్ మూసేశాం.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మా పెద్దలు. మీ దగ్గర ఇంట ఓడినవాళ్లే రచ్చకెక్కి గెలవాలి. సరే, రచ్చకే ఎక్కాం. ఆవిడ ఐండ్‌హోవెన్‌లో, చిప్పులు తయారుచేసే యంత్రాలకి సామాను అందించే ఒక కంపెనీలో ఉద్యోగం చూసుకుంది. ఉద్యోగం కోసమే దేశం మారామని స్నేహితులకి చెప్పాం. అది సగం నిజం. ఇలా దేశం మారి దారి వెతుక్కున్నది మేమే మొదటివాళ్లం కాదు. సురీందర్ సింగ్ అని మన దేశస్థుడే, బ్రిటిష్ భార్యతో కలిసి 1983 నుంచి 1985 దాకా జర్మనీలో ఉద్యోగం చేసి తిరిగి బ్రిటన్ వెళ్లాడు. అలా వెళ్లొచ్చినవాళ్లకి భార్య సొంత దేశంలో కూడా ఈ హక్కు వర్తిస్తుందని 1992లో యూరప్ కోర్టు చెప్పింది. అప్పట్నుంచి ఆ పద్ధతికి 'సురీందర్ సింగ్ రూట్' అనే పేరు స్థిరపడిపోయింది. మా ఊళ్లో రోడ్డుకి పేరు పెట్టించుకోవాలంటే కనీసం ఎమ్మెల్యే అయినా అయి ఉండాలి. బ్రెగ్జిట్ వచ్చాక బ్రిటన్ వైపు ఆ రూట్‌లో సర్వీసు ఆగిపోయింది. మిగతా దేశాల్లో ఇంకా నడుస్తోంది.

ఐండ్‌హోవెన్‌లో సామాను దించాక మీ రెండో చమత్కారం బయటపడింది. ఇక్కడ హక్కున్న మనిషి మా ఆవిడ. నేను ఆవిడ భర్తని, (ఎ) కేటగిరీ. నన్ను ఎవరూ ఏ ఆధారమూ అడగలేదు. నిజం చెప్పాలంటే మా ఇంట్లో అసలు డిపెండెంట్ నేనే, కానీ ఆ గొడవ ఇప్పుడొద్దు. మా అమ్మ రావాలంటే కొడుక్కి తల్లిగా కాదు, కోడలికి అత్తగారిగా రావాలి. పోషణకి కోడలి మీదా కొడుకు మీదా ఆధారపడి ఉన్నానని ఒక ఉత్తరం రాసి సంతకం పెట్టాలి. కోడలి పేరు ముందు ఉంటే మంచిదని లాయరమ్మ సలహా.

తెనాలిలో ఒక అత్తగారి చేత ఈ మాట రాయించడమంటే ఏమిటో మీకు ఎలా తెలుస్తుంది?

"ఏమని రాయాలిరా?" అంది అమ్మ ఫోన్లో.

చెప్పాను. కాసేపు కుక్కర్ విజిల్ తప్ప ఏమీ వినపడలేదు.

"ముప్ఫై ఏళ్లు మీ నాన్న ప్రైవేటు స్కూలు జీతంతో ఇల్లు నడిపాను. చీటీ పాడి నీ ఇంజనీరింగ్ ఫీజు కట్టాను. ఎవర్నీ పది రూపాయలు చేబదులు అడగలేదు. ఇప్పుడు ముక్కూమొహం తెలియనివాళ్లకి ఇలా రాసివ్వనా?"

"అమ్మా, అది ఊరికే కాగితం కోసం."

"కాగితం మీద రాశాక ఊరికే ఎలా అవుతుందిరా?"

మా ఆవిడ ఫోను లాక్కుంది. "అత్తయ్యా, మీరు నా మీద ఆధారపడ్డారంటే నేనూ నమ్మను. కానీ వాళ్లు నమ్మాలి కదా." అమ్మ నవ్వింది. సంతకం మాత్రం పదిహేను రోజుల తర్వాత పెట్టింది. మధ్యలో రెండు ఏకాదశులు, ఒక అమావాస్య అడ్డొచ్చాయట.

మీకు తెలుగు రాదు గనుక ఒక విషయం చెప్తాను. మా భాషలో ఆధారం అంటే ఆసరా. ఆధారం అంటే రుజువు కూడా. మీరు పేజీలకి పేజీలు నింపి అడిగేది మేం రెండు మాటల్లో చెప్పేస్తాం: ఆధారపడటానికి ఆధారం. మా గుర్తింపు కార్డు పేరు కూడా ఆధారే. అదీ జతపరిచాం.

లాయరమ్మ మమ్మల్ని జియా కేసు చదవమంది. 2007 నాటి తీర్పు. చైనాలో రిటైరైన ఒక పెద్దావిడ. కొడుకు చైనా పౌరుడు, కోడలు జర్మన్, కాపురం స్వీడన్‌లో. అచ్చం మా ఇల్లే, ఆవకాయ ఒక్కటే తక్కువ. కోర్టు చెప్పిందేమిటంటే, కనీస అవసరాలు తీరడానికి కొడుకూ కోడళ్ల ఆసరా నిజంగా అవసరమై ఉండాలి. ఆ అవసరం, వచ్చి చేరడానికి దరఖాస్తు చేసే నాటికి, సొంత దేశంలో ఉండగానే ఉండాలి. ఎందుకు ఆధారపడ్డారని అడగక్కర్లేదు. రుజువు ఏ రూపంలోనైనా ఇవ్వొచ్చు. కాకపోతే 'మేం చూసుకుంటాం' అనే హామీ ఒక్కటే ఇస్తే, దాన్ని రుజువుగా తీసుకోవాలనేం లేదు. మా వైపు ఆ ఒక్క మాట మీద పెళ్లిళ్లు జరిగిపోతాయి స్వామీ.

అమ్మ రాత్రిళ్లు బాత్‌రూమ్ లైటు ఆర్పకుండా పడుకుంటుంది. ఫోను దిండు కింద, తాళంచెవి కొంగుకి. నాన్న పోయిన దగ్గర్నుంచీ అంతే. ఇది ఫైలులో ఎక్కడ పెట్టమంటారని అడిగితే లాయరమ్మ కళ్లజోడు తీసి, "పెట్టకండి, మనకి కావలసింది డబ్బు కాగితాలు" అంది.

డబ్బు కాగితాలకి లోటేం లేదనుకున్నాం. 2019 నుంచి నెలకి 20 వేలు పంపుతున్నాం, ఒక్క నెల తప్పలేదు. అమ్మ బ్యాంకు స్టేట్‌మెంటు తెప్పించాం. ప్రతి నెలా ఐదో తేదీన మా 20 వేలు వస్తున్నాయి. ఏడో తేదీన 10 వేలు బయటికి పోతున్నాయి. లాయరమ్మ వాటన్నిటి మీదా పసుపు రంగు గీసి, "ఏమిటివి?" అంది.

అమ్మని అడిగితే పద్దు పుస్తకం ఫొటోలు తీసి పంపింది. పాత డైరీ, పైన ఎరువుల కంపెనీ బొమ్మ. లోపల అమ్మ రాత, చీమల బారులా. ముందు వాటా అద్దె జమ 4,500. పాలు 1,860. మందులు 2,340. పనమ్మాయి 1,500. కరెంటు 610. అలా పేజీ చివరి దాకా వెళ్తే, ప్రతి నెలా ఒకే పద్దు: 'చిన్నదానికి 10,000'.

అంతా ఇంగ్లీషులోకి మార్చి ఇచ్చాను. లాయరమ్మ అక్కడే ఆగింది.

"ఈ చిన్నది ఎవరు? ఆవిడ పోషణలో ఇంకెవరైనా ఉన్నారా?"

"మా అమ్మాయి. ఆరేళ్లది. పక్క గదిలో ఐప్యాడ్ చూస్తోంది."

నాన్న పోయిన మూడో నెలలో అమ్మ వెళ్లి పోస్టాఫీసులో ఆర్‌డీ తెరిచింది. నెలకి 10 వేలు, 60 నెలలు. మనవరాలి చదువుకట. మాకు చెప్పలేదు. లాయరమ్మ పెన్ను కింద పెట్టి, "అంటే మీ డిపెండెంట్‌కి ఒక డిపెండెంట్ ఉంది. ఆ డిపెండెంట్ మీ డిపెండెంటే" అంది. ఇలాంటి కేసు ఆవిడెప్పుడూ చూడలేదట. తెలుగువాళ్ల కేసులు ఇంకా రాలేదేమో.

"పంపిన డబ్బు నువ్వు ఖర్చు పెట్టుకోవాలి కదమ్మా" అన్నాను.

"ఖర్చయింది కదరా. పోస్టాఫీసులో ఖర్చయింది."

ఆ తర్వాత మూడు నెలలు అమ్మకి ఆధారపడటంలో ట్యూషన్ చెప్పాను. మందుల షాపులో బిల్లు అడిగి తీసుకో అంటే, "తెలిసిన కుర్రాడు, బిల్లడిగితే నమ్మకం లేదనుకుంటాడు" అంది. పాలవాడి చేత రసీదు రాయించడం నా వల్ల కాలేదు. మిగిలిన 10 వేలూ లేకపోతే మందులూ తిండీ జరగవని అద్దె పద్దు పక్కన ఖర్చుల పద్దు పెట్టి చూపించాం. నాన్న బతికుంటే ఆ కూడికలు చూసి సంతోషించేవాడు, లెక్కల మాస్టారు.

పేర్ల గొడవ మీకు విసుగు పుట్టిస్తుంది కాబట్టి తొందరగా చెప్పేస్తాను. నా పుట్టిన సర్టిఫికెట్లో అమ్మ పేరు సగమే ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుకొచ్చింది. రేషన్ కార్డులో ఒక దీర్ఘం ఎగిరిపోయింది. ఈ ముగ్గురూ ఒక్కరేనని అఫిడవిట్, దానికి విదేశాల్లో చెల్లేందుకు అపోస్టిల్ అనే ముద్ర, ఆ ముద్ర కోసం హైదరాబాద్‌కి రెండు ప్రయాణాలు.

వీసా ఉచితమనీ, వీలైనంత త్వరగా ఇవ్వాలనీ మీ ఐదో అధికరణం చెప్తోంది. ఆ సంగతి వీసా కౌంటర్లో కుర్రాడికి ఎవరూ చెప్పలేదు. రిటర్న్ టికెట్ ఏదన్నాడు. ఉండటానికే వెళ్తున్నాను బాబూ అంది అమ్మ. ఉండటానికైతే ఈ వీసా కాదన్నాడు. రెండోసారి వెళ్లేటప్పుడు ఐదో అధికరణం ప్రింటు తీయించి పెట్టుకోమన్నాను. అమ్మ ఆ కాగితానికి నాలుగు మూలలా పసుపు రాసి, దేవుడి దగ్గర పెట్టి తీసుకెళ్లింది. ఈసారి పనయింది. చట్టం మహిమ అని నేను, పసుపు మహిమ అని అమ్మ. మీరు ఏ పక్షమో తెలియజేయగలరు.

కార్డు ఐదో నెలలో వచ్చింది. ఐదేళ్లది. అమ్మ వెలుతురులోకి తీసుకెళ్లి, తిప్పి తిప్పి చూసి, "ఫొటోలో బొట్టు కనపడట్లేదేం?" అంది. ఏడాదిలో మొత్తం ఆరు నెలల లోపు ఊరెళ్లి ఉండొచ్చని మీరు రాసిన మాట చదివి వినిపించాను. సంక్రాంతికి ఒకసారి, ఆవకాయకి ఒకసారి అని అప్పుడే వేళ్ల మీద లెక్కేసుకుంది.

ఇంతకీ ఈ ఉత్తరం ఎందుకంటే, మొన్న ఐదో తేదీన ఒక సంగతి జరిగింది. అమ్మ ఇక్కడికి వచ్చేముందు ఆరు నెలల ఆర్‌డీ వాయిదాలు ముందే కట్టేసి వచ్చింది. అలా కడితే పోస్టాఫీసువాళ్లు రాయితీ కూడా ఇస్తారట. ఇప్పుడు ఏడో నెల. నేను సాక్సులు వేసుకుంటుంటే వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏరా, ఈ నెల డబ్బు వేయలేదేం?"

"నువ్వు ఇక్కడే ఉన్నావు కదమ్మా, ఇంకెందుకు?"

"నేనిక్కడుంటే? ఆర్‌డీ అక్కడుంది. ఇంకా పద్నాలుగు నెలలు కట్టాలి. తప్పితే వందకి రూపాయి జరిమానా. ముందు వాటా అమ్మాయికి కట్టమని చెప్పే వచ్చాను."

"అయితే పది వేలు చాలుగా?"

"ఆ పదీ ఎందుకు ఆపడం? బొత్తిగా చేతిలో డబ్బు లేకపోతే ఎలారా నాకు?"

మా ఆవిడ అక్కడే టీ తాగుతూ ఫోను తీసి 20 వేలు పంపేసింది. స్టేట్‌మెంటు రాగానే జతచేస్తాను, మీ ఫైలులో పెట్టుకోగలరు.

ఇట్లు
తమ విధేయుడు,
(ఎ) కేటగిరీ భర్త, (డి) కేటగిరీ కొడుకు